బ్యాంకాక్‌ను సొంతంగా చూడాలంటే నది దగ్గర మొదలుపెట్టండి

మీరు పెద్దవారైన తల్లిదండ్రులతో నాలుగు రోజులు బ్యాంకాక్‌లో గడపాలని అనుకుంటున్నారు. ఏజెంట్లు ఇస్తున్న ప్యాకేజీలన్నీ పట్టాయాకు రెండు రాత్రులు కేటాయించి, బ్యాంకాక్‌ను ఒక్క పూటలో బస్సు కిటికీలోంచి చూపించి ముగించేస్తున్నాయని, అమ్మగారు పూర్తి శాకాహారి అని, ఇంగ్లీషు అంతగా నడవని ఆ ఊళ్లో సొంతంగా తిరగడం కుదురుతుందా అని అడిగారు. తప్పకుండా కుదురుతుంది. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు ఆ నగరంలో ఉండి, మన వైపు నుంచి వచ్చిన బంధుమిత్రులను వెంటబెట్టుకుని తిప్పిన అనుభవంతో చెబుతున్నాను: బ్యాంకాక్ కష్టమైన ఊరు కాదు, కానీ చూడవలసిన స్థలాల జాబితా ఒకటి రాసుకుని ఒక్కొక్కదానికీ టాక్సీ ఎక్కే వారిని మాత్రం అది బాగా అలసిపోయేలా చేస్తుంది.

దీనికి కారణం ఆ ఊరి అమరికలోనే ఉంది. మొదటి రాముడు అని పిలిచే రాజు 1782లో రాజధానిని చావ్ ఫ్రయా నదికి పడమటి గట్టున ఉన్న థోన్‌బురి నుంచి తూర్పు గట్టుకు మార్చి, నదికీ తవ్వించిన కాలువలకూ మధ్య రత్తనకోసిన్ అనే ద్వీపంలాంటి నగరాన్ని కట్టించాడు. అప్పటి రాకపోకలన్నీ నీటి మీదే కనుక, గుళ్లూ బజార్లూ నివాసాలూ నీటి వైపు ముఖం పెట్టి వెలిశాయి. ఇప్పుడు రాజభవనానికీ అవతలి గట్టు మీది వాట్ అరుణ్ గుడికీ మధ్య కనిపించే ఆ విశాలమైన ప్రవాహం కూడా సహజమైన నది కాదు. సముద్రం నుంచి అప్పటి రాజధాని అయుత్తయకు వెళ్లే ఓడలకు దారి దగ్గర చేయడానికి 16వ శతాబ్దంలో తవ్విన అడ్డకాలువ కాలక్రమంలో వెడల్పై ప్రధాన ప్రవాహంగా మారింది. పాత నది మలుపు నేడు బ్యాంకాక్ నోయ్, బ్యాంకాక్ యాయ్ అనే కాలువలుగా మిగిలింది. మాల్స్, పెద్ద హోటళ్లు, ఆకాశరైలు ఉన్న కొత్త నగరం దీనికి తూర్పున, రోడ్ల వెంట పెరిగింది. ఆకాశరైలు 1999 డిసెంబరులో మొదలైనా పాత నగరం దరిదాపులకు రాలేదు. భూగర్భ మెట్రో నీలి మార్గం 2019లో అక్కడికి చేరింది. అందువల్ల పాత నగరానికి వెళ్లిన రోజు పూర్తిగా అక్కడే ఉండాలి. ఉదయం రాజభవనం, మధ్యాహ్నం ఏదో మాల్, సాయంత్రం మళ్లీ నది అని పెట్టుకుంటే సగం రోజు ట్రాఫిక్‌లోనే పోతుంది.

బస విషయంలో మన వాళ్లలో చాలామంది ప్రతునామ్‌లోనో, సుఖుమ్విత్ రోడ్డు మీద నానా ప్రాంతంలోనో దిగుతారు. బట్టల షాపింగే ముఖ్యమనుకునేవారికి అది సరే. మీ అవసరానికి మాత్రం నీలి మార్గంలోని సామ్ యోత్ లేదా వాట్ మంకోన్ స్టేషన్‌కు నడక దూరంలో ఉండే హోటల్ మేలని నా అభిప్రాయం. సామ్ యోత్ నుంచి రాజభవనం వైపు దించే సనామ్ చై ఒక్క స్టేషన్ దూరం. భారతీయుల బజారైన ఫాహురాత్ నడిచిపోయేంత దగ్గర, అంటే అమ్మగారి భోజనానికి దారి సులువవుతుంది. సువర్ణభూమి విమానాశ్రయం నుంచి రైలు మార్గం నగరంలోని ఫయా థాయ్ స్టేషన్ వరకు 45 బాట్ల గరిష్ఠ చార్జీతో అరగంటలోపు చేరుస్తుంది. మధ్యలో మక్కసాన్ దగ్గర దిగితే పక్కనే ఫెచ్చబురి మెట్రో స్టేషన్ ఉంది. అయితే పెట్టెలతో, పెద్దవాళ్లతో అంతగా రైళ్లు మారనవసరం లేదు. విమానాశ్రయం కింది అంతస్తులో యంత్రం ఇచ్చే చీటీ తీసుకుని మీటరు టాక్సీ ఎక్కండి. మీటరు మీద 50 బాట్ల విమానాశ్రయ రుసుము, ఎక్స్‌ప్రెస్ రోడ్డు టోల్ అదనంగా ఇవ్వాలి. నగదు మార్పిడికి అదే భవనం అట్టడుగున రైలు స్టేషన్ పక్కన ఉండే కౌంటర్లలో పై అంతస్తుల బ్యాంకు కౌంటర్ల కంటే మెరుగైన రేటు దొరుకుతుంది. ఏటీఎంలు మన కార్డులకు ప్రతిసారీ 200 బాట్లకు పైగా రుసుము తీసుకుంటాయి కనుక కొద్దికొద్దిగా తీయడం దండగ.

ఇక మొదటి రోజు. రాజభవనం ఉదయం 8:30కు తెరుస్తారు. ఆ వేళకే గేటు దగ్గర ఉండండి. పది దాటితే టూరు బస్సుల జనం, నెత్తిన ఎండ, ఎక్కడా సరైన నీడ లేని ఆవరణ. విదేశీయులకు టికెట్ 500 బాట్లు, టికెట్లు మధ్యాహ్నం 3:30 వరకే ఇస్తారు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి; చీర, చుడీదారు, ప్యాంటు చొక్కా దేనికీ ఇబ్బంది లేదు, నిక్కర్లు వేసుకున్న యువకులే వెనక్కి పంపబడతారు. గేటుకు వెళ్లే దారిలో చక్కటి ఇంగ్లీషు మాట్లాడే పెద్దమనిషి ఒకరు ఎదురై, ఇవాళ పండుగ కనుక భవనం మూసేశారని, ఈలోగా వేరే గుడి చూసి రావచ్చని, టుక్‌టుక్‌కు 20 బాట్లు ఇస్తే చాలని చెప్పవచ్చు. ఆ టుక్‌టుక్ చివరికి రత్నాల కొట్టు ముందో దర్జీ కొట్టు ముందో ఆగుతుంది. దశాబ్దాలుగా సాగుతున్న మోసం ఇది. గేటు దాకా మీ కాళ్లతో వెళ్లి, లోపలి ఉద్యోగి చెబితే తప్ప మూసేశారని నమ్మకండి.

లోపల అందరూ మరకత బుద్ధుడి మందిరం వైపు పరుగెడతారు. ఆకుపచ్చ రాతితో చెక్కిన సుమారు 66 సెంటీమీటర్ల ఆ చిన్న విగ్రహానికి వేసవి, వర్షాకాలం, చలికాలం ప్రకారం ఏడాదికి మూడుసార్లు రాజు స్వయంగా వస్త్రాలు మారుస్తాడు. చూడవలసినదే. కానీ తెలుగువారు అక్కడ అసలు సమయం వెచ్చించవలసింది ఆ ఆలయాన్ని చుట్టి ఉన్న వసారాల గోడల మీద. మొత్తం 178 చిత్రఫలకాల్లో థాయ్ రామాయణమైన రామకియెన్ కథ ఉంటుంది. ఉత్తరపు వైపున జనకుడికి సీత దొరికే ఘట్టంతో మొదలై ప్రదక్షిణగా సాగుతుంది. గైడు అక్కరలేదు, మీ నాన్నగారే గైడు అవుతారు, అయితే మనకు తెలిసిన కథకు అక్కడక్కడా తేడాలుంటాయని ముందే చెప్పి తీసుకెళ్లండి. ఇక్కడ సీత దశకంఠుడి కూతురే; జాతకం మంచిది కాదని నీళ్లలో వదిలేస్తే జనకుడు పెంచుకుంటాడు. హనుమంతుడు బ్రహ్మచారి కాడు. వారధి కడుతుండగా రాళ్లు ఎత్తుకుపోవడానికి వచ్చిన రావణుడి మరో కూతురు, మత్స్యకన్య, అతడి ప్రేమలో పడుతుంది. రాముడి విడిది పట్టేంత పెద్ద నోరు తెరిచిన హనుమంతుడి చిత్రం దగ్గర పిల్లలూ పెద్దలూ ఒకేలా ఆగిపోతారు. యుద్ధ సన్నివేశాల కింది అంచుల్లో వంట చేసుకునేవాళ్లు, జూదమాడేవాళ్లు, పసిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు కనిపిస్తారు. చిత్రకారులు తమ కాలపు బ్యాంకాక్‌ను అక్కడ పెట్టేశారు. ద్వారాల దగ్గర గదలు పట్టుకుని నిలబడ్డ యక్షులు కూడా ఈ కథలోని వారే. అదే టికెట్ మీద సాలా చలెంక్రుంగ్ రంగశాలలో పనిదినాల్లో జరిగే ఖోన్ నాట్యపు చిన్న ప్రదర్శన కూడా చూడవచ్చు. ముఖాలకు ముసుగులు ధరించి ఆడే ఆ నాట్యానికి ఇతివృత్తం ఈ రామకథే.

అక్కడి నుంచి దక్షిణంగా కొద్ది దూరంలో వాట్ ఫో అనే గుడి ఉంది. ఎండ ఎక్కువైతే ఆ కాస్త దూరానికీ టాక్సీ ఎక్కడంలో తప్పులేదు. 46 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తున పడుకుని ఉన్న బుద్ధుడి పాదాల మీద ముత్యపు చిప్పతో పొదిగిన 108 మంగళచిహ్నాలు, వెనుక వరుసగా 108 కంచు పాత్రలు ఉంటాయి. చిల్లర నాణేలు కొని ఒక్కో పాత్రలో ఒక్కోటి వేసుకుంటూ పోవడం అమ్మగారికి నచ్చుతుంది. వచ్చినవారిలో చాలామంది బుద్ధుణ్ణి చూసి వెనుదిరుగుతారు. మీరు మాత్రం లోపలి ప్రధాన మందిరం దాకా వెళ్లండి, దాని పునాది చుట్టూ పాలరాతి పలకల మీద రామకియెన్ మళ్లీ కనిపిస్తుంది. ఆ ఆవరణ సంప్రదాయ వైద్యానికి కూడా పేరుపొందింది. మూడో రాముడు అనే రాజు కాలంలో వైద్యం మొదలుకొని ఛందస్సు వరకు ఎన్నో విషయాలను రాతి మీద చెక్కించి అందరూ చదువుకునేలా గోడలకు అమర్చారు, ఆ శాసనాలను యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. మర్దన పాఠశాల ఇప్పటికీ లోపల నడుస్తోంది. తిరిగి అలసిన మోకాళ్లకు అక్కడ అరగంట పాదాల మర్దన చేయించడం విలాసం కాదు, సాయంత్రం నడవడానికి అవసరమే.

వాట్ అరుణ్‌ను అదే మధ్యాహ్నం ముగించాలని తొందరపడకండి. థా టియెన్ రేవు నుంచి అవతలి గట్టుకు చిన్న పడవ 5 బాట్లకే దాటిస్తుంది. నాలుగు గంటల తర్వాత వెళితే, చైనా పింగాణీ ముక్కలతో పూలలా అలంకరించిన ఆ శిఖరం మీద వెలుగు మెత్తబడి ఉంటుంది. శిఖరం మీది మెట్లు చాలా నిటారు, దిగడం ఎక్కడం కంటే కష్టం. పెద్దవాళ్లు కింద నుంచి చూస్తే చాలు.

నది మీద ప్రయాణం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ డబ్బు పోగొట్టుకునేవారు ఎక్కువ. ఆకాశరైలు సఫాన్ తాక్సిన్ స్టేషన్ కిందనే సాతోన్ రేవు ఉంది. అక్కడ అడుగుపెట్టగానే ప్రత్యేక పడవ వేలల్లో మాట్లాడుకోమని, పర్యాటకుల పడవ ఎక్కమని పిలుస్తారు. మామూలు జనం ఆఫీసులకు, బడులకు వెళ్లే నారింజ జెండా పడవలో ఎంత దూరమైనా 16 బాట్లే. రేవులకు అంకెలుంటాయి: థా టియెన్ 8, రాజభవనం దగ్గరి థా చాంగ్ 9. కొన్ని సీట్లు భిక్షువులకు కేటాయించి ఉంటాయి, అవి ఖాళీగా ఉన్నా కూర్చోకూడదు. పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఐదు తర్వాత పడవలు కిక్కిరిసి ఉంటాయి కనుక పెద్దవారితో ఆ వేళలు తప్పించండి.

రెండో రకం పడవ సేన్ సేప్ కాలువది. 1837లో తవ్వకం మొదలైన ఈ కాలువలో పొడవాటి పడవలు కొత్త నగరం నడిబొడ్డు నుంచి పాత నగరం అంచునున్న ఫాన్ ఫా రేవు దాకా, రోడ్డు మీద గంట పట్టే దూరాన్ని పదిహేను ఇరవై నిమిషాల్లో దాటిస్తాయి. మురికి నీళ్లు ఎగిరిపడకుండా పక్కనున్నవారు తాడు లాగి పట్టా పైకెత్తుతారు. నాకు ఆ నగరంలో అన్నిటికంటే ఇష్టమైన ప్రయాణం ఇదే. అయితే పడవ రేవులో కొన్ని క్షణాలే ఆగుతుంది, అంచు మీదుగా కాలు ఎత్తి దూకినట్టు ఎక్కాలి, హెల్మెట్ పెట్టుకున్న కండక్టరు అంచు మీదే నడుస్తూ టికెట్లు ఇస్తాడు. మోకాళ్ల నొప్పులున్నవారిని ఇందులో ఎక్కించవద్దు. నాన్నగారు చురుగ్గా ఉంటే మీరిద్దరూ ఒక చిన్న దూరం వెళ్లి రండి.

రెండో రోజుకు ఫాన్ ఫా దగ్గర వాట్ సకేత్ స్వర్ణగిరి, అంటే కొండ మీది గుడి, ఉంది. 344 మెట్లు అంటే భయపడతారు గాని, కొండ చుట్టూ తిరుగుతూ పోయే పొట్టి మెట్లు అవి. మధ్యలో గంటలు, చెట్లు, కూర్చునే చోట్లు ఉన్నాయి. ఎదురుగా 37 లోహ శిఖరాల లోహ ప్రాసాదం అనే బౌద్ధ కట్టడం. అక్కడి నుంచి పడమటికి వెళితే ఎర్రటి టేకు స్తంభాల మహా ఉయ్యాల కనిపిస్తుంది. ఒకప్పుడు తిరుయంపవాయ్ ఉత్సవంలో బ్రాహ్మణ యువకులు దాని మీద ఆకాశానికి ఊగుతూ నాణేల సంచి అందుకునేవారు. 1935 తర్వాత ఊగడం ఆగిపోయింది గాని ఉత్సవం ఆగలేదు. పక్క వీధిలో 1784లో కట్టిన దేవస్థాన్ అనే బ్రాహ్మణ ఆలయం ఉంది, అందులో శివుడికి, వినాయకుడికి, విష్ణువుకు వేర్వేరు మందిరాలు. థాయ్ రాజాస్థానపు బ్రాహ్మణులు ఇప్పటికీ అక్కడివారే; ఏటా వైశాఖంలో, అంటే మే నెలలో, రాజభవనం ముందరి సనామ్ లువాంగ్ మైదానంలో జరిగే రాజ ఏరువాక వేడుకను నడిపించేది వారే. ఎడ్లు ముందుంచిన గింజల్లో, గడ్డిలో దేనిని తింటాయో చూసి ఆ ఏడు పంట ఎలా ఉంటుందో చెబుతారు. మీ ప్రయాణం ఆ సమయంలో పడితే తప్పక వెళ్లండి, వ్యవసాయం తెలిసిన మన పెద్దవాళ్లకు రాజభవనం కంటే అది ఎక్కువ గుర్తుంటుంది. బామ్రుంగ్ మువాంగ్ రోడ్డు పొడవునా బంగారు పూత బుద్ధ విగ్రహాలను ప్లాస్టిక్ చుట్టి వరుసగా నిలబెట్టిన దుకాణాలుంటాయి. కొనకండి, బుద్ధ విగ్రహాలను దేశం బయటికి తీసుకెళ్లడానికి అనుమతి కావాలి.

జాతీయ మ్యూజియాన్ని మన వాళ్లు పూర్తిగా వదిలేస్తారు. సనామ్ లువాంగ్ పక్కనే ఉన్న దీనికి సోమ, మంగళవారాలు సెలవు. ఆరో శతాబ్దం నుంచి మధ్య థాయ్‌లాండ్‌లో వర్ధిల్లిన ద్వారవతి సంస్కృతి బుద్ధ విగ్రహాలు, రాతి ధర్మచక్రాలు ఉన్న గది ముందు చూడండి. ఆ తొలి శిల్పంలో మన కృష్ణా తీరపు అమరావతి పోలికలను కళాచరిత్రకారులు ఎప్పుడో గుర్తించారు. అక్కడి పాత శాసనాల లిపి కూడా పల్లవుల లిపి నుంచి వచ్చినదే. అమరావతి మ్యూజియం చూసిన కళ్లతో ఆ గదిలోకి వెళ్లినవారికి చీటీలు చదవవలసిన అవసరం పెద్దగా ఉండదు.

మూడో రోజు మీ బస చుట్టూనే గడపవచ్చు. యావరాత్ చైనా బజారు చివర వాట్ త్రైమిత్‌లో ఐదున్నర టన్నుల బంగారు బుద్ధుడున్నాడు. ఎన్నో ఏళ్లు గచ్చు పూతతో మామూలు విగ్రహంలా ఉండి, 1955లో చోటు మారుస్తుండగా పూత పగిలి లోపలి బంగారం బయటపడింది. సంపెంగ్ సందులో గుండీలు, రిబ్బన్లు, పూసలు టోకున అమ్ముతారు. మన బేగం బజారులో దారి వెతుక్కోగలవారు అక్కడా వెతుక్కోగలరు. అది తిన్నగా ఫాహురాత్‌కు, సిక్కుల గురుద్వారాకు చేరుస్తుంది. రాత్రి భోజనం తర్వాత పాక్ ఖ్లోంగ్ పూల మార్కెట్‌కు వెళ్లండి, అది రాత్రంతా తెరిచే ఉంటుంది. బంతిపూలు బస్తాలకొద్దీ, మల్లెమొగ్గలు మంచుగడ్డల మీద గుట్టలుగా ఉంటాయి. దండలు గుచ్చే ఆడవాళ్ల పక్కన అమ్మగారు ఎంతసేపు నిలబడతారో చెప్పలేను, భాష అవసరం రాదు.

నాలుగో రోజుకు నా ఎంపిక థోన్‌బురి గట్టు. వాట్ కల్యాణమిత్ దగ్గర మొదలుపెట్టి నది ఒడ్డు నడవ వెంట సాంతా క్రూజ్ చర్చి వరకు నడవండి. కుడి చీన్ అనే ఈ పేటలో అయుత్తయ పతనం తర్వాత తాక్సిన్ రాజు పోర్చుగీసు వారికి స్థలమిచ్చాడు. వారి సంతతి ఇళ్లల్లో గుడ్డు, పిండి, చక్కెరతో చేసే ఒక రకం కేకు ఇప్పటికీ పొయ్యి మీదనుంచి వేడిగా దొరుకుతుంది. బౌద్ధ విహారం, చైనా గుడి, చర్చి, మసీదు ఒకే పేటలో ఇరుకు సందుల మధ్య ఉన్నాయి. తిరుగు దారికి 2020లో తెరిచిన వంతెన మీది ఉద్యానవనం గుండా నది దాటితే మళ్లీ పూల మార్కెట్ వైపే వస్తారు. ఎరావన్ కూడలిలోని నాలుగు ముఖాల బ్రహ్మ, సియామ్ మాల్స్ ఒక సాయంత్రంతో సరిపోతాయి. శని, ఆదివారాల్లో ఉంటే చతుచాక్ సంత చూడవచ్చు, కానీ పది గంటలకల్లా వెళ్లి పన్నెండుకల్లా బయటపడాలి.

తిండి సంగతి. అక్కడ కూర అంటే అందులో చేపల ద్రావణమైన నామ్ ప్లా ఉంటుందనే అనుకోవాలి. కూరల ముద్దల్లో రొయ్యల ముద్ద ఉంటుంది, కూరగాయల వేపుడులో కూడా ఆల్చిప్పల సాస్ వేస్తారు. వెజిటేరియన్ అని చెబితే మాంసం ముక్కలు తీసేసి అదే పులుసు పోసి ఇచ్చేవారున్నారు. చెప్పవలసిన మాట "కిన్ జే". ఇది చైనా బౌద్ధుల నియమం. ఇందులో మాంసం, చేప, గుడ్డు, పాలే కాక ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు కనుక మన వాళ్లకు భయం అక్కరలేదు. పసుపు రంగు మీద ఎర్ర అక్షరం ఉన్న చిన్న జెండా ఆ కొట్టుకు గుర్తు. సెప్టెంబరు చివరలోనో అక్టోబరులోనో వచ్చే జే పండుగ తొమ్మిది రోజుల్లో చైనా బజారంతా ఆ జెండాలే. మిగిలిన చోట "మై సై నామ్ ప్లా, మై సై ఖాయ్" అనండి, అంటే చేపల ద్రావణం వద్దు, గుడ్డు వద్దు అని. ఈ మాటలు థాయ్ లిపిలో రాయించిన కాగితం అమ్మగారి చేతిసంచిలో ఉంచితే ఇంకా మంచిది. కొబ్బరిపాల అన్నంతో మామిడిపండు, కారం ఉప్పు చల్లిన పచ్చిమామిడి, లేత కొబ్బరి ఎక్కడైనా తినవచ్చు. దుకాణాల్లో పెరుగు ఎక్కువగా తీపి కలిపినదే ఉంటుంది. కుళాయి నీళ్లు తాగకండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పెద్దవారితో తిరగడానికి అనుకూలం. ఏప్రిల్ ఎండ విజయవాడ ఎండకు తీసిపోదు, పైగా 13 నుంచి 15 వరకు సాంగ్‌క్రాన్ కావడంతో వీధిలో నీళ్లు పోయించుకోక తప్పదు. ఉదయం 8కి, సాయంత్రం 6కి రైల్వే స్టేషన్లలో, ఉద్యానవనాల్లో జాతీయగీతం వినిపిస్తే అందరితోపాటు ఆగి నిలబడండి. రాజకుటుంబం మీద వ్యాఖ్యలు సరదాకైనా వద్దు, చట్టం కఠినమైనది. అమ్మగారు భిక్షువులకు చేయి తగలకుండా కాస్త ఎడంగా నడవాలి. గుడిలో కూర్చున్నప్పుడు పాదాలు బుద్ధుడి వైపు చాపకూడదు.

వీసా నియమాలు ఈ మధ్య తరచుగా మారుతున్నాయి కనుక టికెట్లు కొనేముందు థాయ్ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో చూసుకోండి. 2025 మే 1 నుంచి ప్రతి విదేశీయుడూ ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో ఆగమన కార్డు నింపాలి. అది ఉచితం, దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్ ప్రభుత్వానిది కాదు. మీరు ఆదివారం రాత్రి దిగితే సోమ, మంగళవారాల్లో రాజభవనం, స్వర్ణగిరి వైపు ముగించి, మ్యూజియాన్ని బుధవారం ఉదయానికి ఉంచుకుని, ఆ సాయంత్రం యావరాత్ పెట్టుకోండి; గురువారం థోన్‌బురి. వారాంతంలో దిగేటట్లయితే రాజభవనాన్ని సోమవారానికి జరపండి, ఆదివారం అక్కడ స్థానికుల రద్దీ కూడా తోడవుతుంది.